ఉత్తరం

సరాయాత్ వానలు మొదలైన వారం నుంచి
పూరేడు నిద్రపోవడం మానేసింది.

పగలంతా బాగానే ఉంటాది.
జొన్నలు ఏరుకుంటాది, ఇసకలో పొర్లుతాది,
మిషాల్ వేలు పెడితే ముక్కుతో పొడుస్తాది.
ఇషా నమాజయి, ఇంట్లో దీపాలారి,
జహ్రా రోడ్డు మీద లారీల మోత పలచబడినాక
మొదలుపెడతాది:
టప్. టప్. టప్.
పంజరం కప్పుకు తల కొట్టుకోవడం.

నా రూము మిద్దెపైన, ఏసీ డబ్బాల పక్కన.
తలకు దెబ్బ తగలకుండా
పాత చున్నీ మడిచి కప్పు లోపల కుట్టినా.
ఇప్పుడు చప్పుడు మెత్తగా ఉండాది,
పక్కింట్లో ఎవరో పిండి పిసుకుతున్నట్టు.
అయినా నిద్ర రానీదు.

"దానికి జబ్బు, మరియం, దూరంగా పెట్టు" అంది మామా.
నా పేరు రెడ్డెమ్మ. ఆమె నోటికి తిరగదు.
జబ్బు కాదు మామా,
చేత్తో పట్టుకుని చూసినా.
రొమ్ము కింద కొవ్వు చేరింది,
నూనె పూసిన చపాతీ ముద్ద మాదిరి.
జబ్బు చేసింది ఇంత తింటాదా?
ఇది దారి బత్తెం.

మా నాయన శెనక్కాయ చేలల్లో వల పన్నేవాడు.
దీపావళి దాటినాక దిగేవి పూరేళ్ళు,
ఎండలు ముదిరేలోగా ఒక్కటి కనపడేది కాదు.
యాడికి పోతాయి నాయనా అంటే
"పోతాయి" అనేవాడు,
వల మడిచి అటకమీద పెడుతూ.
ఆ ఒక్క మాట వెనకాల
ఇంత రాత్రి ఉంటుందని నాకెవరు చెప్పినారు?

రోజూ పంజరం అడుగున పేపరు పరుస్తా.
అరబ్బీ అక్షరాలు, కార్ల బొమ్మలు.
పొద్దున తీసి చూస్తే
ఒక్క మూలనే గోళ్ళ గీతలు, చిరుగులు.
తక్కిన మూడు మూలలూ ఇస్త్రీ చేసినట్టు.
పంజరాన్ని ఇటుదటు తిప్పిపెట్టినా.
మూల మారింది,
దిక్కు మారలేదు.

హాల్లో గోడకు మక్కా వైపు బాణం గుర్తు ఉండాది.
దానికి వీపు తిప్పి, కొంచెం ఎడమకు జరిగి
లెక్కేసుకుంటే
ఉత్తరం.
సముద్రం వైపు కాదు, విమానాలు లేచే వైపు కాదు.
మా రాయచోటి ఆ దిక్కున లేనే లేదు.
ఇద్దరం ఒకే ఊరికి కొట్టుకుంటాండామని
ఎంత పిచ్చిగా అనుకున్నానో ఇన్ని రాత్రులూ.

ఏ దేశం గడ్డిలో గుడ్డు పగిలిందో దానికి.
ఒక్కసారి దిగివచ్చింది, వలలో పడింది.
ఎక్కిపోయే దారి దాని కండ్లు చూడనే లేదు.
కాళ్ళకు మాత్రం తెలుసు.

ఆ నెల నాకూ అరికాళ్ళు చిమచిమలాడేవి.
నీళ్ళ ట్యాంకు నుంచి డిష్ దాకా పదమూడడుగులు,
తిరిగితే మళ్ళీ పదమూడు.
దూరంగా చమురు బావి మంటకు
ఆకాశం అంచు మాడిన రొట్టె రంగు.
పిట్టకైతే ఒక్క మూల చాలు.
నేను నాలుగు మూలలూ అరగదీసినా.

మే నెలలో ఇఖామా గడువు అయిపోయింది.
బాబా కాగితం పెట్టినాడు, ఇంకో రెండేండ్లు.
వేలిముద్ర వేసినా.
ఎందుకేసినావని అడగొద్దు.

ఆ వారమే, దుమ్ము లేచిన రాత్రి,
చున్నీ కింద చప్పుడు లేదు.
భయపడి సెల్ లైటేసి చూస్తే
మెడ ముడుచుకుని, మట్టిబెడ్డ మాదిరి నిద్ర.
పొద్దున పేపరు నలగలేదు.
"చూసినావా, అలవాటైపోయింది" అని ఎగిరినాడు మిషాల్.
కాదు నాయనా.
పోవాల్సిన కాలం పోయింది, అంతే.

నాకూ ఇప్పుడు కంటినిండా నిద్ర.
దానికే భయమేస్తాది.

గోళ్ళు గీరిన పేపరొకటి మడిచి
పరుపు కింద పెట్టుకున్నా,
పాస్‌పోర్టు జిరాక్సుతో పాటు.
చదవను. ఉందో లేదో తడిమి చూస్తా.

సుహైల్ చుక్క పొడిస్తే ఎండ విరుగుతుందంటాడు బాబా.
అప్పటికి దీనికి కొత్త ఈకలొస్తాయి.
ఈ తడవ దక్షిణానికి తిరుగుతాదేమో.
చున్నీ కుట్లు వదులైనాయి.
ఇంకో పొర వేసి కుడుతున్నా.